'ఫుల్ ఒరిజినల్' అని రాసిన పాత జపాన్ గిటార్ కొనేముందు నాకేం జరిగిందో చదవండి

జపాన్ నుంచి పాత ఐబనేజ్, గ్రెకో, టోకాయ్ గిటార్లు కొందామని చూస్తున్నోళ్లు, ముఖ్యంగా ఇక్కడ టోక్యోలో ఉన్న మనోళ్లతో తెప్పించుకుందాం అనుకుంటున్న హైదరాబాద్, వైజాగ్ వాళ్లు, డబ్బు కట్టేముందు ఒక్క పది నిమిషాలు ఇది చదవండి ప్లీజ్. నేను లక్షా పద్దెనిమిది వేల యెన్లు పెట్టి నేర్చుకున్నా.

కొన్నది ఐబనేజ్ ఆర్టిస్ట్ ఏఆర్300. ఎన్నో ఏళ్లుగా కావాలనుకున్న గిటార్. ఆన్‌లైన్ వేలంలో ఒక అమ్మకందారు పెట్టాడు, ఫొటోలు ఆరు, అన్నీ కొంచెం దూరం నుంచి తీసినవే, టైటిల్‌లో కటకానాలో (జపాన్ లిపి) 'ఫురు ఒరిజినారు', అంటే ఫుల్ ఒరిజినల్, ఏ పార్టూ మార్చలేదు అని పెద్దగా రాశాడు, కింద సీరియల్ నంబర్ ఫొటో ఒకటి. సీ అక్షరం, తర్వాత 80. ఐబనేజ్‌కి అప్పట్లో మొదటి అక్షరం నెల, ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్, తర్వాతి రెండంకెలు సంవత్సరం, మిగతా నాలుగు వరుస నంబరు. అంటే ఇది 1980 మార్చి, మత్సుమోతోలో ఫుజిజెన్ ఫ్యాక్టరీలో చేసింది. ఇంకేం కావాలి అనుకుని వేలం పాడేశా. అక్కడే తప్పు చేశా. సీరియల్ నంబర్ చెక్కది మాత్రమే, ఇనుప సామాన్ల గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

గిటార్ వచ్చింది, చెక్క నిజంగా బంగారం, నెక్ తిన్నగా ఉంది. స్ట్రింగ్స్ మార్చుదామని చూస్తే ఏదో తేడాగా అనిపించింది. ఈ ఆర్టిస్టులకి వచ్చే టెయిల్‌పీస్ (బాడీ మీద స్ట్రింగ్స్ చివర పట్టుకునే బార్) పేరే క్విక్ చేంజ్, స్ట్రింగ్ చివరున్న బిళ్లని పైనుంచే గాడిలో పెట్టేయొచ్చు, సూదిలో దారం ఎక్కించినట్టు దూర్చక్కర్లేదు. నా దానికి మామూలు బార్, రంధ్రాల్లోంచి దూర్చి లాగాలి. పైగా స్టడ్స్ (దాన్ని మోసే రెండు మరల మేకులు) మీద కూర్చోకుండా వేలితో నొక్కితే టకటకా కదులుతోంది. జపాన్ గిటార్లకి మిల్లీమీటర్ మరలు, అమెరికా పార్టులకి ఇంచీ మరలు, అందుకే పార్టు మారితే ఇలా చాలాసార్లు వదులుగానో, బలవంతంగా తిప్పి మరలు పాడైనట్టుగానో తెలిసిపోతుంది. నాబ్‌లు కూడా అంతే, జపాన్ పాట్ల (నాబ్ కింద తిరిగే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు) షాఫ్ట్ పళ్లు వేరే లెక్క, అమెరికా నాబ్ నేరుగా కూర్చోదు, కాబట్టి నాబ్ లాగి చూసి లోపల పేపరో టేపో చుట్టి ఉంటే అనుమానించండి.

మర్నాడు ఓచానోమిజు తీసుకెళ్లా. గిటార్ షాపులు వరుసగా ఉండే వీధి అది. ఒక చిన్న రిపేర్ షాపులో పెద్దాయన దాన్ని తిరగేసి, ముందు హెడ్‌స్టాక్ (నెక్ చివర, ట్యూనర్లు ఉండే తల) వెనక లైటు ఏటవాలుగా పట్టాడు. అప్పుడు కనబడింది నాకు, ఇప్పుడున్న ట్యూనర్ల అంచు బయట పాత ట్యూనర్ల ఆకారం సన్నగా గీతలా పడి ఉంది, ఆ గీతకి లోపలగా స్క్రూ రంధ్రం పూడ్చి రంగు పూసిన చుక్క, ఒకటి కాదు ఆరు. నేను వారం రోజులు ఒళ్లో పెట్టుకుని వాయించా, ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత పికప్ (స్ట్రింగ్స్ కింద శబ్దాన్ని పట్టే అయస్కాంత భాగం) చుట్టూ ఉన్న రింగ్ నాలుగు స్క్రూలూ విప్పి పికప్‌ని ఎత్తి వెనక్కి తిప్పాడు. ఈ గిటార్‌కి అసలు వచ్చే సూపర్ 70 పికప్ ఉండాల్సిన చోట ఏ గుర్తూ లేని కొత్త పికప్. నిస్షిన్ వాళ్లు, అదే మ్యాక్సన్ పేరుతో పెడల్స్ చేసేవాళ్లు, తయారు చేసిన పాత పికప్‌లకి వెనక ప్లేట్ మీద అంకెలు గుద్ది ఉంటాయి, నా దానికి ఖాళీ. వెనక మూత తీస్తే పాత వైరు మధ్యలో కోసి కొత్త వైరు అతికించి టేపు చుట్టారు. పాత సోల్డరింగ్ అంతా బూడిద రంగులో మసకగా ఉంటే ఈ కొత్త టంకం మాత్రం వెండి చుక్కలా మెరుస్తోంది. ఐదు నిమిషాలు పట్టింది ఆయనకి మొత్తం. బ్రిడ్జి ఒక్కటే అసలుదే అన్నాడు, ఆ జిబ్రాల్టర్ బ్రిడ్జి బాడీలో పొదిగిన ఇత్తడి దిమ్మకి బిగిసి ఉంటుంది, మార్చడం కష్టం కాబట్టి మిగిలింది.

అమ్మినవాడికి మర్యాదగానే రాశా, ఫొటోలతో సహా. 'గెంజో వతాషి, నో క్లెయిమ్ నో రిటర్న్ అని రాశాను కదా' అని ఒక్క లైను జవాబు. ఉన్నది ఉన్నట్టు ఇస్తాం అని దానర్థం. అది నిజమే, రాశాడు, కానీ పైన ఫుల్ ఒరిజినల్ అని కూడా వాడే రాశాడు కదా! తర్వాత వాడి పాత అమ్మకాలు తిరగేశా, నా గిటార్ పెట్టడానికి మూడు వారాల ముందు సూపర్ 70 జత ఒకటి అమ్మాడు, '1980 ఆర్టిస్ట్ నుంచి తీసినవి' అని. నా గిటార్‌వే అని రుజువు చేయలేను. కానీ మీరు మాత్రం డబ్బు కట్టకముందే అమ్మేవాడి పాత లిస్టింగులు చూడండి, విడి పార్టులు ఎక్కువ అమ్మే ఖాతాలో ఒరిజినల్ అనే మాట ఉంటే ఒకటికి రెండుసార్లు అడగండి.

ఒక మాట చెప్పాలి, నలభై ఐదేళ్ల గిటార్‌కి ట్యూనర్లు మార్చడం తప్పేం కాదు, వాయించేవాళ్లు మారుస్తారు, అరిగిపోతాయి. 'ట్యూనర్లు మార్చాం, పికప్‌లు మార్చాం' అని రాసి తక్కువకి అమ్మేవాళ్లు ఇక్కడ బోలెడు మంది ఉన్నారు, 'జంకు' (పాడైన సరుకు, గ్యారంటీ లేదు) అని పెట్టిన వాటిలో కూడా నిజాయితీగా అన్నీ రాస్తారు. నా కోపం మార్చినందుకు కాదు, దాచి ఒరిజినల్ రేటు తీసుకున్నందుకు. ఇప్పుడు సూపర్ 70 జత, అసలు టెయిల్‌పీస్ విడిగా కొనాలంటే గిటార్ ధరలో దాదాపు సగం అయ్యేలా ఉంది.

అలాగే విదేశాలకి అమ్మేవాళ్లు ప్రతి పాత జపాన్ గిటార్‌కీ 'లాసూట్' అని, అంటే గిబ్సన్ కోర్టు కేసు వేసిన కాపీ గిటార్ అన్నట్టు, తగిలిస్తారు. ఆ కేసు 1977లో, గిబ్సన్ యజమాని కంపెనీ నార్లిన్ అమెరికాలో ఐబనేజ్ అమ్మే ఎల్గర్ మీద హెడ్‌స్టాక్ ఆకారం గురించి వేసింది, మరుసటి ఏడాదికి కోర్టు బయట సెటిల్ అయిపోయింది. ఆర్టిస్ట్ ఐబనేజ్ సొంత డిజైన్, 1980 ఆర్టిస్ట్‌కి ఆ మాట వాడితే అమ్మేవాడికి తెలియదో, లేక కావాలని రేటు పెంచుతున్నాడో అని అర్థం.

కాబట్టి అమ్మేవాణ్ని నాలుగు ఫొటోలు అడగండి: హెడ్‌స్టాక్ వెనక ఏటవాలు వెలుతురులో, పికప్‌లు ఎత్తి వెనక వైపు, కంట్రోల్ మూత తీసి లోపల, టెయిల్‌పీస్ పక్క నుంచి దగ్గరగా. పికప్ వెనక గుద్దిన నంబరు అది తయారైన తేదీని చెప్తుంది, ఆ తేదీ గిటార్ కంటే కొన్ని నెలలు పాతదైతే ఫర్వాలేదు, ఫ్యాక్టరీలో స్టాక్ ఉండేది, గిటార్ కంటే కొత్తదైతే మాత్రం తర్వాత వేసిందే. ఫొటో ఇవ్వడానికి 'స్క్రూలు విప్పడం రాదు' అంటే వదిలేయండి, ఈ మోడల్ మళ్లీ వస్తుంది, ప్రతి నెలా ఒకటో రెండో కనబడుతూనే ఉన్నాయి.

ఆర్టిస్ట్ ఏదైనా కొనే ఆలోచనలో ఉంటే ఆ ఫొటోలు కింద పెట్టండి, నా గిటార్ పక్కన పెట్టుకుని పోల్చి చెప్తా.