కొత్త ఇంజన్‌కి పాత ఫ్యాను (ప్రొపెల్లర్): 18 అడుగుల బోటు మీద రెండేళ్ల వాడకం తర్వాత సమీక్ష

కోరంగి మడ అడవుల వైపు తిరిగే ఫైబర్ బోటు. డ్రైవరుతో కలిపి మామూలుగా ఏడుగురు ఎక్కుతారు. పాత 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే ఇంజన్) తీసేసి, అంతే పవరున్న ఫోర్ స్ట్రోక్ బిగించి రెండేళ్లు దాటింది. ఇంజన్ మంచిదే. కానీ మొదటి నాలుగు నెలలూ పికప్ లేదు, ఎందుకు లేదన్న లెక్క తేలాక చూస్తే ఒక్క కారణమూ ఇంజన్ లోపల లేదు.

లక్షణం ఇదీ: ఎక్స్‌లేటర్ పూర్తిగా ఇస్తే ముక్కు ఆకాశానికి లేస్తుంది, వెనక భాగం నీళ్లలో దిగబడుతుంది, పావు నిమిషం గడిస్తే గాని బోటు నీటి మీదికి ఎక్కదు. చూసినవాళ్లంతా ప్లగ్గులు మార్చమనే చెప్పారు. ప్లగ్గుల జోలికి పోకముందు ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్పీఎం మీటరు ఒకటి బిగించుకోండి. అది లేకుండా చేసే రిపేరంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

పేరుకి రెండూ నలభయ్యే. కానీ ఈ తరగతి టూ స్ట్రోక్‌లు సాధారణంగా 4,500–5,500 ఆర్పీఎం మధ్య పూర్తి బలం ఇస్తాయి, ఫోర్ స్ట్రోక్‌లకు 5,000–6,000 కావాలి. మామూలు బరువుతో, ఎక్స్‌లేటర్ పూర్తిగా తెరిచి చూస్తే మీటరు 4,600 దగ్గరే ఆగింది. అంటే ఇంజన్ తన బలమున్న చోటికి చేరనేలేదు.

ముందు ఎక్స్‌లేటర్ కేబుల్. పాత కంట్రోల్ బాక్సు, పాత కేబులే తగిలించారు. ఇంజన్ ఆపి, తాళం తీసి, మూత ఎత్తండి. ఒకరు ఫ్యానును చేత్తో తిప్పుతూ ఉంటే ఇంకొకరు గేరు ముందుకు వేసి లివర్ చివరిదాకా తోయాలి. థ్రాటిల్ చెయ్యి స్టాపర్‌ని తాకాలి. ఇక్కడ 5 మిల్లీమీటర్లు తక్కువైంది. కేబుల్ చివరి లాక్ నట్ వదులు చేసి సరిపెట్టాక 100 ఆర్పీఎం పెరిగింది. చివర కనీసం 8 మిల్లీమీటర్ల మర లోపలే ఉండాలి, లేకపోతే నడి ఏట్లో ఊడుతుంది. లివర్ వెనక్కి లాగినప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసుకుంటోందో లేదో కూడా చూసుకోండి.

పెట్రోలు లైను పరీక్ష సులువు. ఫుల్ స్పీడులో పెట్రోలు పైపు మీది రబ్బరు బల్బు పిసికితే ఊపు వస్తోందంటే పెట్రోలు అందడం లేదు. బల్బు చప్పిడైపోతే ట్యాంకు మూత మీది గాలి మర మూసి ఉందేమో, పైపు నలిగిందేమో చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఒడ్డునే ఉండే బోట్లకు ఈ బాధ మరీ ఎక్కువ. ఫిల్టరు అడుగుది గాజు సీసాలో పోస్తే కిందికి దిగిన నీరు గీత గీసినట్టు కనబడుతుంది.

అసలు దోషి ఫ్యాను. పాతది 13 అంగుళాల పిచ్ (జారకుండా ఒక్క చుట్టు తిరిగితే ఫ్యాను ముందుకి జరగాల్సిన దూరం). పిచ్ ఒక అంగుళం తగ్గితే సుమారు 150–200 ఆర్పీఎం పెరుగుతుంది. 11 వేశాక 5,100 వచ్చింది. ఫ్యాను నీళ్లలో ఎంత జారుతోందో లెక్క వేసుకోవచ్చు: ఆర్పీఎంను గేరు నిష్పత్తితో (ఇక్కడ 2) భాగించి, పిచ్‌తోనూ 0.001524తోనూ గుణిస్తే గంటకు కిలోమీటర్లు. 13 పిచ్, 4,700 దగ్గర లెక్క ప్రకారం 46న్నర రావాలి, జీపీఎస్‌లో 33. అంటే ఫ్యాను తిరిగినదాంట్లో పావు వంతు పైగా నీళ్లపాలు.

మిగిలింది ఎత్తు. ఫ్యాను పైనుండే అడ్డ రెక్క బోటు అడుగుకి దాదాపు సమానంగా ఉండాలి, ఇది ఒకటిముప్పావు అంగుళాలు కిందికి ఉంది. ఇంజన్‌ని బోటుకి బిగించే బోల్టుల బెజ్జాల్లో రెండు బెజ్జాలు పైకి ఎత్తితే 5,300, జీపీఎస్‌లో 38. ఆశకొద్దీ మరో బెజ్జం ఎత్తితే మలుపులో ఫ్యాను గాలి పీల్చి ఇంజన్ గీపెట్టింది. మళ్లీ దించాల్సి వచ్చింది. కొత్త ఇంజన్ బరువు సుమారు 20 కిలోలు ఎక్కువ కాబట్టి పెట్రోలు ట్యాంకును నడిమికి జరిపాక ముక్కు లేవడం తగ్గింది. ఇప్పుడు ఆరేడు సెకన్లలో ఎక్కుతోంది.

మీటరు పైకి పోతూ బోటు మాత్రం కదలకపోతే దారి వేరు. ఇసుక మేట తగిలాక ఫ్యాను లోపలి రబ్బరు బుష్ జారుతుంది. లోపలి గొట్టం నుంచి బయటి దిమ్మ దాకా తెల్ల రంగుతో ఒక గీత గీసి, ఒక రౌండు కొట్టి రండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే బుష్ పోయినట్టే.

మొత్తం ఎనిమిదిమంది ఎక్కిన రోజు 11 పిచ్‌తో కూడా 4,900 దాటడం లేదు. అందుకే 10 పిచ్‌ది ఒకటి బోటులోనే ఉంటుంది. మార్చేటప్పుడు ఫ్యానుకి ముందు, గేరు డబ్బా వైపు ఉండే మందపాటి వాషర్ గ్రీజుకి అంటుకుని పాత ఫ్యానుతోనే వచ్చేస్తుంది. దాని ఏటవాలు ముఖం గేరు డబ్బా వైపు ఉండాలి. అది వేయకుండా నట్ బిగిస్తే ఫ్యాను గేరు డబ్బాని రాసుకుంటూ తిరుగుతుంది.