అండమాన్ ట్రిప్పుల ఆఖరి రోజులు హావ్‌లాక్‌లనా, నీల్‌లనా – ఏది మేలు?

మాఘమాసం పెండ్లిళ్ళు అయిపోయినయంటే చాలు, నల్గొండ, మిర్యాలగూడ దిక్కు చుట్టాలల్ల కొత్త జంటలు ఫోన్ చేసి నన్ను ఒకటే అడుగుతున్నరు. "అక్కా, అండమాన్ బుక్ చేస్తున్నం, అందరు హావ్‌లాక్ హావ్‌లాక్ అంటున్నరు, ఇంకో దీవి నీల్‌ను తీసేసి ఆఖరి రెండు రోజులు సుత హావ్‌లాక్‌లనే ఉంటే కాదా?" మొన్న మహబూబ్‌నగర్ నుంచి మా వదిన వాళ్ళ చెల్లె కూడ గదే అడిగింది. మేమిద్దరం పోయొచ్చి ఎక్కువ కాలం కాలేదు, మాకు సుత అప్పుడు ఇదే పంచాయతీ నడిచింది కాబట్టి జర వివరంగ రాస్తున్న.

అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లేయర్‌ల ఫ్లైట్ దిగుడు, దీవులకు ఫెర్రీ ఎక్కుడు, ఇవన్నీ మీకు తెల్సినవే. పేర్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండ్రి, 2018ల హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌ను షహీద్ ద్వీప్ అని మార్చిన్రు, 2024ల పోర్ట్‌బ్లేయర్‌ను శ్రీవిజయపురం చేసిన్రు. టికెట్ల మీద, బోర్డుల మీద రెండు రకాల పేర్లు కనపడ్తయి, పరేషాన్ గావద్దు. నేనైతే అలవాటైన పేర్లే రాస్తున్న.

ముందు హావ్‌లాక్ సంగతి. రాధానగర్ బీచ్‌కు పేరు ఊకెనే రాలేదు. 2004ల టైమ్ పత్రిక ఆసియాల మంచి బీచ్ అని రాసింది, 2020ల శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు సుత వచ్చింది. మన దిక్కోళ్ళకు పెద్ద నీళ్ళంటే సాగర్ డ్యామే గదా, అసొంటోళ్ళు మొదటిసారి రాధానగర్ చెట్లల్లకెల్లి బయటికొచ్చి ఆ తెల్ల ఇసుక, ఆ నీళ్ళు చూస్తే కాసేపు నోట మాట రాదు. స్కూబా (గాలి సిలిండర్‌తోని నీళ్ళ లోపలికి దిగుడు) ఉన్నది, ఎలిఫెంట్ బీచ్‌ల స్నార్కెలింగ్ (గొట్టంతోని గాలి పీల్చుకుంట నీళ్ళ పైనుంచి లోపలికి చూసుడు) ఉన్నది, మంచి రూములున్నయి, తినేటందుకు రకరకాల హోటళ్ళున్నయి. ఒక్క దీవే చూస్తమంటే హావ్‌లాకే చూడుండ్రి, దాంట్ల డౌట్ లేదు.

కాని మీరు అడిగేది ఆఖరి రోజుల గురించి. ఆడ లెక్క మారుతది. హావ్‌లాక్‌ల చేసే పనులు మన చేతిల ఉండయి, సముద్రం చేతిల ఉంటయి. గాలి లేస్తే ఎలిఫెంట్ బీచ్ బోట్లు ఆపేస్తరు, నీళ్ళు కలకబారితే స్కూబాకు పోయినా ఏం కనపడది. మొదటి రోజులల్ల ఆగిపోయిందనుకోండ్రి, రేపు పోదాం అనుకోవచ్చు. ఆఖరి రోజుల ఆగిపోతే ఇగ రేపు అనేదే లేదు, పెట్టిన పైసలూ పాయె, ఆశా పాయె.

స్కూబాతోని ఇంకో ముచ్చటున్నది, ఇది చానమందికి తెల్వది. స్కూబా చేసినంక వెంటనే ఫ్లైట్ ఎక్కొద్దు. నీళ్ళ లోపల వత్తిడికి మనం పీల్చే గాలిలున్న నైట్రోజన్ రక్తంల, ఒంట్ల కరుగుతది, అది మెల్లమెల్లగ బయటికి పోవాలె. అది పోకముందే విమానంల ఎత్తుకు పోతే వత్తిడి తగ్గి ఆ గ్యాస్ బుడగల్లాగ తయారైతది, కీళ్ళ నొప్పులు, తల తిరుగుడు, ఇంక పెద్ద ప్రమాదం సుత రావచ్చు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లైతే 18 గంటలు ఆగాలంటరు, చాన మటుకు డైవింగ్ సెంటర్లోళ్ళు 24 గంటల గ్యాప్ ఉంచుమనే చెప్తరు. అందుకే స్కూబా ఎప్పుడైనా ముందు రోజులల్లనే పెట్టుకోవాలె, అంటే హావ్‌లాక్ ముందు రావాలె. నా మటుకు నాకు ఈ ఒక్కటి చాలు తేల్చేటందుకు.

ఇగ నీల్. చిన్న దీవి, ఒక స్కూటీ కిరాయికి తీసుకుంటే ఒక కొసకెల్లి ఇంకో కొసకు పోవుడు పెద్ద పనే కాదు. ఊర్ల పేర్లే చూడుండ్రి, రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామాయణం అంతా ఆడనే ఉన్నది. బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డోళ్ళు ఎక్కువ, కూరగాయలు బాగ పండిస్తరు, రోడ్డు పొంటి అరటి తోటలు, పొలాలు కనపడ్తుంటే మన ఊరి దిక్కు తిరుగుతున్నట్టే ఉంటది. ఈడ పెద్దగ బుకింగులు అక్కర్లేదు, ఆటుపోట్ల టైమ్ ఒక్కటి హోటలోళ్ళను అడిగి పెట్టుకుంటే చాలు. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు నాచురల్ బ్రిడ్జికి, అంటే వంతెన లెక్క తయారైన రాతి కమానుకు పోవాలె, అప్పుడే ఆ రాళ్ళ మీదికెల్లి నడిచి పోతం, గుంతలల్ల ఆగిన నీళ్ళల్ల చిన్న చాపలు, సముద్ర దోసకాయలు అనే నల్లటి మెత్తటి జీవాలు కనపడ్తయి. నీళ్ళు నిండినప్పుడు భరత్‌పూర్ బీచ్‌కు పోవాలె, ఎందుకంటే నీళ్ళు తగ్గితే ఆడ కింద పగడపు రాళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటయి, బోట్లకు సుత కష్టం. ఎక్కువ పోటుకు, తక్కువ ఆటుకు మధ్య సుమారు ఆరు గంటలుంటది కాబట్టి రెండు ఒక్కరోజే అయిపోతయి, మధ్యల నిమ్మళంగ తిని పండుకోవచ్చు.

పొద్దుమూకి లక్ష్మణ్‌పూర్ బీచ్‌కు పోవాలె. మన టైమే నడుస్తది గని ఆ దీవులు చాన తూర్పున ఉన్నయి, అందుకని నల్గొండకన్న దాదాపు గంట ముందే పొద్దుగూకుతది, డిసెంబర్‌ల ఐదింటికే అయిపోతది, నాలుగింటికల్లా ఆడ ఉండాలె. మేము ఇసుకల కూసున్నప్పుడు మా ఆయన చిన్న శంఖం ఒకటి ఏరి నా అరచేతిల పెట్టిండు, మంచిగున్నది అని నేను చూస్తనే ఉన్న, కిందికెల్లి సన్నటి ఎర్ర కాళ్ళు బయటికొచ్చినయి. లోపల ఎండ్రికాయ ఉన్నది. అది నా బొటనవేలు దాకా నడిచి, కొసకు వచ్చినంక కాళ్ళు మళ్ళ లోపటికి గుంజుకున్నది. మెల్లగ ఇసుకల పెట్టి ఇద్దరం చప్పుడు చెయ్యకుంట కూసుంటే చాన సేపటికి లేచి నీళ్ళ దిక్కు పోయింది. ఈ ఎండ్రికాయలకు వెనక భాగం మెత్తగ ఉంటది, ఎవరో వదిలేసిన శంఖంల దూరి అదే ఇల్లు చేసుకుంటయి, పెరిగిన కొద్ది ఇంకో పెద్దది ఎతుక్కుంటయి. కాబట్టి దయచేసి బీచ్‌ల శంఖాలు, పగడాలు బ్యాగుల ఏసుకొని రావద్దు, చచ్చిన పగడం ముక్క సుత తేవొద్దు. పగడాలకు వన్యప్రాణి చట్టం వర్తిస్తది, ఎయిర్‌పోర్ట్‌ల స్కానింగ్‌ల దొరికితే ఆఖరి రోజంతా ఆ లొల్లికే పోతది.

నీల్‌ల లోట్లు లేవని కాదు. పెద్ద రిసార్టులు తక్కువ, ఫోన్ సిగ్నల్ ఒక్కోసారి ఉండది, చేతిల నగదు పెట్టుకోవాలె, రాత్రి ఎనిమిదైతే దీవి మొత్తం సప్పుడు బందైతది. సందడి కావాలె, రాత్రి తిరగాలె అనేటోళ్ళకు విసుగొస్తది, అసొంటోళ్ళు హావ్‌లాక్‌లనే ఉండుండ్రి, నేను బలవంతం చెయ్య. కాని పెండ్లి హడావుడిల నెల రోజులు నిద్ర లేకుంట తిరిగి, నాలుగు రోజులు ఫెర్రీలు, బోట్లు ఎక్కి దిగిన జంటకు ఆఖరికి కావాల్సింది ఇద్దరు కూసొని ముచ్చట పెట్టుకునే జాగ. అది నీల్‌ల దొరికినట్టు హావ్‌లాక్‌ల దొరకది.

ఏ దీవి ఎంచుకున్నా సరే, ఆఖరి రాత్రి మాత్రం పోర్ట్‌బ్లేయర్‌లనే ఉండాలె. కొన్ని ప్యాకేజీలల్ల పొద్దున దీవి నుంచి ఫెర్రీ, అదే మధ్యాహ్నం హైదరాబాద్ ఫ్లైట్ పెడ్తరు, ఒక రోజు మిగిలిందని మనం సంబురపడ్తం. సముద్రం బాగలేదని ఫెర్రీ ఆపితే ఆ ఫ్లైట్ మన కోసం ఆగది. ఆ రోజుకు కొత్త టికెట్ల రేట్లు ఎంతుంటయో మీకే తెల్సు. అదీగాక శంషాబాద్‌ల దిగినంక మన ప్రయాణం అయిపోదు. మహబూబ్‌నగరోళ్ళకు షాద్‌నగర్, జడ్చర్ల మీదికెల్లి తిన్నగ రోడ్డే, మనకు ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేట దాకా వచ్చి నార్కట్‌పల్లి దిక్కు తిరగాలె. సంక్రాంతి ముందు అయితే పంతంగి టోల్‌గేట్ కాడ బండ్లు ఎట్ల ఆగుతయో చెప్పాల్సిన పన్లేదు. ఫ్లైట్ పగటిపూట ఉండేటట్టు చూసుకోండ్రి, రాత్రికల్లా ఇల్లు చేరొచ్చు.

ఆ ఆఖరి సాయంత్రం సెల్యులార్ జైలుకు పెట్టుకోండ్రి. 1896ల మొదలువెట్టి 1906ల కట్టుడు పూర్తి చేసిన్రు, ఏడు వింగులల్ల మూడే మిగిలినయి. ఒక వింగ్ గదుల ముందు భాగం ఇంకో వింగ్ వెనక గోడకు ఎదురుగ ఉంటది, ఖైదీలకు ఒకరి మొహం ఒకరికి కనపడొద్దని. చీకటి పడ్డంక లైట్ అండ్ సౌండ్ షో ఉంటది, తప్పకుంట చూడుండ్రి. బజార్ల తెలుగు మాట్లాడేటోళ్ళు బాగనే దొరుకుతరు, శ్రీకాకుళం దిక్కు నుంచి పోయి స్థిరపడ్డోళ్ళు చానమంది ఉన్నరు.

పోర్ట్‌బ్లేయర్‌కు ఉత్తరాన ఉన్న బారాటాంగ్ దీవి గురించి అడుగుతున్నరు కొందరు. జరావా తెగ ఉండే అడవిలకెల్లి కాన్వాయ్ తోనే పోవాలె, అర్ధరాత్రి దాటంగనే లేవాలె, పోను రాను రోజంతా పడ్తది, ఆఖరి రోజుకు వద్దు. ఉత్తరం కొసకున్న డిగ్లీపూర్ ఇంకా దూరం, దాన్ని పక్కన పెట్టుండ్రి.

ఐదారు రాత్రులుంటే ముందు హావ్‌లాక్, తర్వాత నీల్, ఆఖరికి పోర్ట్‌బ్లేయర్, హావ్‌లాక్ నుంచి నీల్‌కు సుత ఫెర్రీలున్నయి కాబట్టి మళ్ళ వెనక్కి రావాల్సిన పన్లేదు. నాలుగే రాత్రులుంటే మాత్రం రెండు దీవులు తిరుగుతమని ఆయాసపడొద్దు, అప్పుడు నీల్‌నే తీసెయ్యిండ్రి, నాకెంత ఇష్టమైనా సరే.