హెవీ లైసెన్స్ గ్యారంటీ అంటున్నారా? ముందు మీ కార్డు వెనక్కి తిప్పి చూడండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల లారీ డ్రైవింగ్ నేర్చుకుందామని డబ్బు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, కట్టేముందు ఇది చదవండి. నేను 38 వేలు కట్టాను. లైసెన్సూ రాలేదు, లారీ తోలడమూ రాలేదు.

గుంటూరులో ఓ ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో పదకొండేళ్ళు పనిచేశాను. బ్రాంచి ఎత్తేశారు. 42 ఏళ్ళవాణ్ణి, ఏ ఆఫీసు మెట్లెక్కినా వయసు చూసి నసుగుతున్నారు. డ్రైవర్లు దొరక్క లారీ ఓనర్లు అల్లాడుతున్నారని ఆటోనగర్‌లో పనిచేసే మా బావమరిది అంటే మనసు అటు పోయింది.

విజయవాడ పక్కనే ఉన్న ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. 30 రోజుల్లో హెవీ లైసెన్స్ గ్యారంటీ, ట్రాన్స్‌పోర్ట్‌లో ఉద్యోగం కూడా వాళ్ళే చూపిస్తారట. కౌంటర్‌లో కుర్రాడు నా కార్డు ముందువైపు 2004 అని చూసి, "మీకు ఇరవై ఏళ్ళ సీనియారిటీ సార్, ఇంకేం కావాలి" అన్నాడు. నేనూ పొంగిపోయాను. ఆ 2004 బైకుది. కార్డు వెనక ఒక్కో బండి రకానికి ఒక్కో తేదీ ఉంటుంది. నేను కారు లైసెన్సు కలిపించుకుని అప్పటికి ఐదు నెలలే.

కారు లైసెన్సు, అంటే ఎల్ఎంవీ, వచ్చి కనీసం ఏడాది నిండితే తప్ప లారీలాంటి పెద్ద ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే తాత్కాలిక లైసెన్సు) ఇవ్వరు. 1988 మోటారు వాహనాల చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. ఎల్ఎల్ఆర్ వచ్చాక కూడా 30 రోజులు ఆగితేగానీ టెస్టుకి పిలవరు. అంటే ఏడాది నిండినవాడికైనా 30 రోజుల్లో లైసెన్స్ అన్నది కుదరని మాట. ఇదంతా స్కూలు పెట్టుకున్నవాడికి తెలియదా? మూడు వారాల పాటు ఎల్ఎల్ఆర్ ఏమైందని అడిగినప్పుడల్లా సర్వర్ పనిచేయడం లేదన్నారు. చివరికి నేనే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తే, కిటికీలో ఆయన కార్డు తిప్పి చూసి అర నిమిషంలో తేల్చేశారు.

ట్రైనింగ్ సంగతి ఇంకా ఘోరం. హెవీకి రూల్ ప్రకారం 30 రోజులు, స్టీరింగ్ మీద కనీసం 15 గంటలు నేర్పాలి. మాకు గ్రౌండ్‌లో ఒక పాత లారీ, దానికి ఐదుగురం. మనిషికి పది నిమిషాలు వస్తే గొప్ప. సెకండ్ గేరు దాటింది లేదు, రివర్స్ ఒక్కసారే. అదీ ఖాళీ బండి. మిర్చి టిక్కీలు ఎత్తుగా కట్టిన బండి మలుపులో ఎలా వాలుతుందో, లోడు మీద బ్రేకు కొడితే ఎంత దూరం పోయి ఆగుతుందో ఎవరూ చెప్పలేదు. కానీ ఎన్ని గంటలు తోలామో రాసే ఫారం 15 మీద మాత్రం ముందే వరసగా సంతకాలు పెట్టించుకున్నారు. నాలాగా పెట్టకండి. తర్వాత డబ్బు అడిగితే ఆ కాగితమే నా మొహాన పెట్టారు.

గట్టిగా అడిగేసరికి ఇంకో 25 వేలిస్తే వేరే రాష్ట్రం నుంచి హెవీ కార్డు తెప్పిస్తామన్నారు. లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ కొడితే రవాణా శాఖ వాళ్ళ పరివాహన్ సైట్‌లో ఏ దొంగ కార్డు బండారమైనా బయటపడుతుంది. కాస్త తెలివున్న ఓనరు ఎవరైనా ముందు చేసే పని అదే. ఆ కార్డుతో రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే జైలు నాకు, నష్టపరిహారం గొడవ ఓనరుకి.

వాళ్ళు చూపించిన ఉద్యోగం? ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చిరునామా రాసిన చీటీ. అక్కడ ఆయన నవ్వి, "ముందు రెండేళ్ళు క్లీనర్‌గా వస్తావా" అన్నాడు.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాక 10 వేలు వెనక్కి ఇచ్చారు. మిగతా 28 వేలకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. 5 లక్షల లోపు కొన్నదానికి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. ఒకటే ఇబ్బంది, నా రసీదు మీద "ట్రైనింగ్ ఫీజు" అని తప్ప గ్యారంటీ మాట ఎక్కడా లేదు. వాళ్ళు నోటితో చెప్పేదంతా రసీదు మీద రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి.

కడుపు మండే ముక్క ఇంకొకటుంది. బండి, లోడు కలిపి 7500 కిలోలు దాటకపోతే కారు లైసెన్సుతోనే సరుకు బండి తోలొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. డబ్బు కట్టిన రోజునే నా జేబులో ఆ కార్డు ఉంది. ఇప్పుడు మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకి చిన్న ట్రక్కు తోలుతున్నాను. ఏడాది నిండాక ఎల్ఎల్ఆర్‌కి నేనే వెళ్తాను.