జావా పాత ఓనర్లను వెతుక్కుంటూ నెల్లూరు, కావలి, కందుకూరు

మా జావా బైకు 1968 మోడల్, మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసినది. 250 సీసీ, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు, గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ రాడ్డు. సీ బుక్కు మాత్రం డూప్లికేటు, అందులో చివరి ఓనరు పేరు, కావలి అడ్రసు తప్ప ఏమీ లేదు. మొదట కొన్నది ఎవరో చూద్దామని నేనూ మా బావా బెజవాడలో పినాకిని రైలు ఎక్కాం.

బండి మొదట కందుకూరుదని కావలి ఓనరు ఫోన్లో అన్నాడు. అలాగైతే ఒంగోలు ఆర్టీవో ఆఫీసులో చూడాలి, మూడు వేలు ఇవ్వండి అని ఒక ఏజెంటు. కానీ 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టేదాకా కందుకూరు నెల్లూరు జిల్లాలోదే, ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. 1968 బండికి ఒంగోలులో రిజిస్టరు ఎక్కడినుంచి వస్తుంది? (2022లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు, అది వేరే తలనొప్పి.) ఈ ప్రాంతం పాత బండి కొనేవాళ్లు నంబరు కన్నా ముందు జిల్లాల చరిత్ర చూసుకోవాలి.

నెల్లూరులో బస్టాండు పక్క లాడ్జీలో దిగాం, గది శుభ్రమే గానీ తెల్లవార్లూ హారన్లు, నిద్ర కావాలంటే కాస్త లోపలి వీధిలో చూసుకోండి. చేపల పులుసు బ్రహ్మాండం. ఆఫీసులో గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు, అర్జీ తీసుకున్నాడు, పాత రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కలేదు, వెతికి చెబుతామన్నాడు. ఇంకా చెప్పలేదు.

పని జరిగింది కావలి మెకానిక్ షెడ్డులో. పెద్దాయనకు మేం పెన్సిలుతో తీసిన చాసిస్ నంబరు ముద్ర చూపిస్తే దాన్ని పక్కన పెట్టి బండి ఫోటోలు అడిగాడు. సెంటర్ స్టాండు దగ్గర ఇత్తడి వెల్డింగు ఉంది, మెరుగు పెట్టకుండా వదిలేసినది, దాన్ని ఫోన్లో పెద్దది చేసి చూసి, "ఈ అతుకు నాదే నాయనా, పొగాకు షావుకారు బండి కదా ఇది, బ్యారన్ల చుట్టూ మట్టిదారుల్లో తిప్పి స్టాండు విరగ్గొట్టుకునేవాడు" అన్నాడు. (బ్యారన్లంటే పొగాకు ఆరబెట్టే కొట్టాలు.) షావుకారు ఇల్లు ఏ వీధో కూడా ఆయనే చెప్పాడు, టీ డబ్బులు కూడా మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

కందుకూరుకు కావలి నుంచి బస్సులో వెళ్లాం, రైల్లో వచ్చేవాళ్లు సింగరాయకొండలో దిగాలి. షావుకారు పోయి చాలా కాలమైంది. ఆయన కోడలు భోజనం పెట్టి మరీ పాత ఫోటో తీసింది, పెళ్లి పందిరి ముందు బండి, ముందు మడ్‌గార్డు మీద నంబరు చక్కగా కనిపిస్తోంది, మాదే! మా బావ కాసేపు మాట్లాడలేదు. రాత్రికి అక్కడ మేం చూసిన లాడ్జీలు మాకు నచ్చలేదు, బాత్రూముల సంగతి చెప్పను, ఒంగోలు వెళ్లిపోయాం, గంటన్నరలోపే.

2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజీగా నమోదు చేయించుకోవచ్చు. కానీ ఆ తర్వాత రోజువారీ తిరగడానికి వీల్లేదు. మేం ఎక్కి తిరగడానికే కొన్నాం కాబట్టి అటు పోవడం లేదు.