మైలేజీ కోసం గ్రిల్ మూయాలా, టైర్లలో గాలి చూసుకోవాలా?

చిన్న కారు మైలేజీ పెంచడానికి సొంతంగా చేసుకునే పనులు రెండు రకాలు. ఒకటి, ఎదురుగాలిని తప్పించడం: ముందు గ్రిల్‌ను (గాలి లోపలికి వెళ్లే జాలీని) షీటుతో మూయడం, బండి అడుగున ప్లాస్టిక్ పలక బిగించడం. రెండోది, ఉన్న బండిని సరిగ్గా ఉంచుకోవడం: టైర్లలో గాలి, డిక్కీలో బరువు, పైన ఖాళీ క్యారియర్.

ఖర్చు: షీటు, క్లిప్పులు కొనాలి. గాలికి దాదాపు ఏమీ కాదు.

శ్రమ: పలకకు ఓ ఆదివారం పోతుంది. గాలి ఐదు నిమిషాల పని. ఎంత పట్టించాలో చాలా కార్లలో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడండి. నడిపాక చూస్తే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. గ్రిల్ వెనకే ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, దాని వెనక ఇంజిన్ వేడిని తగ్గించే రేడియేటర్ ఉంటాయి. మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగిన బండికి ఆ గాలి కూడా అందకపోతే ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఇంజిన్ లోపలి సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయిందంటే మిగిల్చిన పెట్రోల్ ఏ మూలకూ రాదు. గ్రిల్ మూయడం చలి దేశాల చిట్కా, మన ఎండలకు నేనైతే ఒప్పుకోను. టైర్లలోనూ అతి వద్దు, రాసినదానికంటే ఎక్కువ కొట్టిస్తే బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది.

ఫలితం: వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. రోజూ గుంటూరు హైవే మీద 80లో వెళ్లేవాళ్లకు అడుగు పలక కొంత కలిసొస్తుంది, గట్టిగా బిగించగలిగితేనే. బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ సందుల్లో తిరిగే బండికి మాత్రం టైర్లలో గాలి చూసుకుని, క్యారియర్ విప్పేస్తే చాలు.