బాలిలో బట్టల కోసం వెళ్తే: షోరూమ్ బాటిక్, తెంగనాన్ నేత

బాలిలో కారు మాట్లాడుకుంటే మధ్యలో ఏదో ఒక బాటిక్ షోరూమ్ ముందు బండి ఆగడం ఖాయం. మాకూ తప్పలేదు. ఉబుద్ వెళ్తుంటే తోపాటి అనే ఊరి దగ్గర ఆపాడు డ్రైవర్. వసారాలో ఒకామె మగ్గం ముందు కూర్చుని ఉంది. మేం దగ్గరికి రాగానే నేత మొదలైంది, దాటగానే ఆగిపోయింది! లోపల ధరలన్నీ లక్షల్లోనే. రుపియాల్లో లెండి, లక్షంటే మన ఐదారు వందలు. అయినా ఎక్కువే అనిపించింది.

బాటిక్ గీసేవాళ్ల దగ్గర నిలబడ్డ పది నిమిషాలు మాత్రం దండగ కాలేదు. చాంతింగ్ అంటే సన్నని ముక్కున్న చిట్టి రాగి గిన్నె, దానికో పిడి. వేడి మైనం తీసుకుని, ముక్కు పూడకుండా ఓసారి ఊది గుడ్డ మీద గీస్తారు. మైనం ఉన్నచోట రంగెక్కదు. చేత్తో గీస్తే తులిస్, రాగి అచ్చుతో అద్దితే చాప్. కొనేముందు గుడ్డ తిప్పి చూడండి, మామూలు ప్రింటైతే వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. అసలు బాటిక్ జావావాళ్ల విద్య. దానికోసమే అయితే జావాలోని యోగ్యకర్తా వెళ్లడం మేలు.

బాలిలో చూడాల్సిన నేత తెంగనాన్‌లో ఉంది. తూర్పున చండిదాసకు దగ్గర్లోని పాత ఊరు. ఉబుద్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చు గానీ, మేం చండిదాసలో ఓ చిన్న హోమ్‌స్టేలో దిగాం. గదిలో ఏసీ అంతంతమాత్రం, దోమలు దండిగా. కానీ టూరిస్టు బస్సుల కంటే ముందే ఊళ్లో ఉన్నాం.

ఇక్కడి గుడ్డ పేరు గెరింగ్సింగ్. రోగం దరిచేరనివ్వదని వాళ్ల నమ్మకం. పడుగుకీ పేకకీ (నిలువు, అడ్డం దారాలకు) విడివిడిగా ముడులు కట్టి, రంగులద్ది, నేసేటప్పుడు రెండింటి డిజైనూ కలిసేలా చూసుకుంటారు. నేతగత్తె నేల మీద కాళ్లు చాపుకుని, మగ్గం పట్టీ నడుముకి బిగించుకుని, నాలుగు పోగులు నేసి, మొనదేలిన పుల్లతో ఒక్కో దారాన్నీ జరుపుతోంది. ఎరుపు నోని చెట్టు వేళ్ల నుంచి. నీలిమందు అద్దకం ఊళ్లో నిషిద్ధమట, పక్కూళ్లో చేయిస్తారు.

ఇలాంటి నేత ప్రపంచంలో మూడేచోట్ల ఉందన్నాడు గైడు: ఇక్కడ, జపాన్‌లో, గుజరాత్‌లో. మా ఆవిడది చౌటుప్పల్ వైపు, ఊరుకుంటుందా? పుట్టపాకలో ఇలాగే నేసే తేలియా రుమాలు ఫోన్లో తీసి చూపించింది. నేతగత్తె రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. మావాళ్లు నూలును నూనెలో నానబెడతారని గైడుతో చెప్పించగానే నవ్వి, తన గుడ్డ అంచు మా ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది. వీళ్లూ కెమిరి గింజల నూనెలో నానబెడతారట.

కార్డు మెషిన్ లేదు. ఉన్న క్యాష్‌కి జానెడు వెడల్పు ముక్క వచ్చింది. మా ఆవిడ దాన్ని ఇంతవరకూ నీళ్లలో పెట్టలేదు.