మిషనరీ శిక్షణలో చైనీస్: నోరు ముందు, చెవి తర్వాత

అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలు చైనీస్ నేర్చుకోవడం ఇప్పుడు వింతేం కాదు. నేను నేర్చుకున్న చోటే కాస్త వింత. యూటా రాష్ట్రంలోని ప్రోవోలో మోర్మన్ మిషనరీల శిక్షణ కేంద్రం ఉంది. (మా సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. ‘మోర్మన్’ అనే ముద్దుపేరు మానమని 2018లో అప్పటి మా అధ్యక్షుడు గట్టిగానే చెప్పారు. కానీ ఆ పేరు లేకపోతే ఇది చదివేవాళ్లలో చాలామందికి నేను ఎవరి గురించి చెబుతున్నానో అర్థం కాదు.) తైవాన్‌లో రెండేళ్ల సేవకు పంపే ముందు మాకు అక్కడ తొమ్మిది వారాలు మాండరిన్ (ప్రామాణిక చైనీస్) నేర్పారు. తిరిగొచ్చి ఏళ్లు గడిచినా ఆ భాష వాడుతూనే ఉన్నాను. కాబట్టి కొత్త మోజులో రాస్తున్న మాటలు కావివి.

హైదరాబాద్‌లో బంధువులందరి మొదటి ప్రశ్న: “చైనాకి పంపుతున్నారా?” లేదు. చైనా ప్రధాన భూభాగానికి మా సంఘం మిషనరీలను పంపదు. మాండరిన్ నేర్చుకున్నవాళ్లు తైవాన్‌కో, చైనీయులు ఎక్కువగా ఉండే వాంకూవర్ లాంటి ఊళ్లకో వెళతారు. తైవాన్‌కు మొదటి మిషనరీలు వెళ్లింది 1956లో.

ఇక ఖర్చు. జీతం రాదు సరికదా, మనమే కట్టాలి. నేను వెళ్లినప్పుడు అమెరికా నుంచి వెళ్లే కుర్రాళ్లకు నెలకు 400 డాలర్లు, 2020 జులై నుంచి 500. భాష కోసమే అనుకుంటే ఇది అసలు గిట్టుబాటయ్యే బేరం కాదు. విశ్వాసం ఉన్నవాళ్లు వెళ్లే చోటు అది, భాష దాంతోపాటు వస్తుంది.

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు మాండరిన్ కోసం 88 వారాలు, 2200 గంటల క్లాసులు లెక్కగడుతుంది. మాకు తొమ్మిది వారాలు. అంత తక్కువ సమయంలో మొత్తం భాష రాదని నేర్పేవాళ్లకూ తెలుసు. అందుకే ఒక ముక్కను పట్టుకుంటారు: ప్రార్థన చేయడం, నమ్మేదాన్ని చిన్న చిన్న వాక్యాల్లో చెప్పడం, మళ్లీ ఎప్పుడు రావచ్చని అడగడం. నేర్పేవాళ్లలో ఎక్కువమంది ఈ మధ్యే సేవ ముగించుకుని వచ్చి కాలేజీలో చదువుకుంటున్నవాళ్లు. మొదటి వారంలోనే వాళ్లలో ఒకరు తైవాన్ మనిషిలా నటిస్తూ కూర్చుంటారు. మనం జోడీగా వెళ్లి చైనీస్‌లో పాఠం చెప్పాలి. కాగితం చూస్తూ నత్తినత్తిగా చెప్పినా సరే, చెప్పాల్సిందే. ఉదయం ఆరున్నరకు లేచింది మొదలు రాత్రి పదిన్నరకు లైట్లు ఆర్పేదాకా, వచ్చినంత చైనీస్‌లోనే మాట్లాడాలని నియమం. భోజనాల దగ్గర కూడా. టెన్షన్‌గానే ఉంటుంది, కానీ సిగ్గు పోతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

తెలుగువాళ్లకు ఇందులో కొన్ని సౌకర్యాలున్నాయి, వాటిని ఎవరూ చెప్పరు. చైనీస్ ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు. అందులో ‘బి’తో రాసేది నిజానికి మన ప. ‘పి’తో రాసేది ఒత్తు ఫ, పెదాలు కలిపి పలికేది, ‘ఫోన్’లోది కాదు. అలాగే ‘డి-టి’ జంట త-థ, ‘జి-కె’ జంట క-ఖ. మా బ్యాచ్ అమెరికన్లు దీనికోసం మూతి ముందు కాగితం పెట్టుకుని ఊదుకునేవాళ్లు. నేను పుస్తకం అంచున తెలుగులో రాసుకున్నాను, పని అయిపోయింది. వ్యాకరణంలోనూ అంతే. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అనడానికి చైనీస్‌లో సరిగ్గా ఇదే వరస. ఇంగ్లీషు బుర్రతో ఆలోచించేవాళ్లు ముందు అబ్బాయిని తెచ్చి తర్వాత ఇరుక్కుపోతారు. ‘వస్తావా’లో చివరి దీర్ఘం చేసే పనిని అక్కడ చివర తగిలించే ‘మా’ చేస్తుంది. చుట్టరికాలైతే మరీ సులువు: అన్నకు, తమ్ముడికి వేరే పేర్లు, పెదనాన్నకు, బాబాయికి, మేనమామకు వేరే పేర్లు. దారిలో కనిపించిన పెద్దావిడను ‘ఆయీ’ అని పిలవాలంటే నా జోడీ కుర్రాడు తెగ మొహమాటపడేవాడు. నాకు అది మనూళ్లో ‘పిన్నిగారూ’ అన్నట్టే ఉండేది.

స్వరాల దగ్గర, అంటే గొంతు ఎత్తి దించే తీరుతో మాట అర్థం మారే చోట మాత్రం మనకూ ఏ రాయితీ లేదు. మిషనరీని పిలిచే ‘జాంగ్‌లావ్’ అన్న మాటలోనే మూడో స్వరం పక్కపక్కన రెండుసార్లు వస్తుంది, అప్పుడు మొదటిది రెండో స్వరంగా మారుతుంది. అంటే మన పిలుపు మనమే సరిగ్గా పలకడానికి వారం పడుతుంది.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద పరిమితి చెవి. చెప్పడం వస్తుంది, విన్నది అర్థం కాదు. క్లాసులో వినేది నెమ్మదైన, శుభ్రమైన మాండరిన్. తైవాన్‌లో దిగాక ‘ష’లన్నీ ‘స’లవుతాయి, నాలుగూ పదీ కలిసిపోతాయి, ధర అడిగిన ప్రతిసారీ వేళ్లు చూపించుకోవాలి. దక్షిణాదికి, తైనాన్ వైపు వెళితే ముసలమ్మలు మాండరిన్ వదిలేసి తైవానీస్‌లో మాట్లాడతారు, అది పూర్తిగా వేరే సంగతి. మనం చక్కగా పాఠం చెప్పేసరికి, భాష బాగా వచ్చనుకుని వాళ్లు అద్దె గురించి, ఆస్పత్రి గురించి గబగబా చెప్పుకుపోతారు. తల ఊపడం తప్ప చేసేదేం ఉండదు. నాకు ఆరు నెలల పైనే పట్టింది చెవి నోటిని అందుకోవడానికి.

రెండో పరిమితి పిన్‌యిన్. అక్కడి పిల్లలు బడిలో నేర్చుకునేది బోపోమోఫో అనే 37 గుర్తుల లిపి. పిన్‌యిన్‌లో రాసి చూపిస్తే చాలామందికి అక్కరకు రాదు. పైగా తైవాన్‌లో వాడేది పాత, పూర్తి అక్షరాలు, చైనాలోలా గీతలు తగ్గించినవి కావు. మాటతో మొదలుపెట్టి లిపిని వెనక్కి నెట్టేస్తే ఆ వెలితి ఏళ్లు పోయినా పూడదు. ఇప్పుడు ఆఫీసులో తైవాన్ కంపెనీ వాళ్లతో ఫోన్‌లో గంటసేపు మాట్లాడతాను, వాళ్ల మెయిల్ వస్తే నిఘంటువు యాప్ తెరుస్తాను. పదజాలంలో ఒక పక్క ‘పశ్చాత్తాపం’, ‘బాప్తిస్మం’ నిద్రలో లేపినా వస్తాయి, ఇన్‌వాయిస్, కస్టమ్స్ లాంటివన్నీ తర్వాత విడిగా నేర్చుకున్నవే.

సేవకు వెళ్లకుండానే ఈ పద్ధతిని ఇంట్లో వాడుకోవాలనుకునేవాళ్లు ఒక జోడీని వెతుక్కోండి. రోజులో కొన్ని గంటలు చైనీస్ తప్ప మరోటి మాట్లాడబోమని ఒప్పందం పెట్టుకోండి, మొదటి వారంలోనే ఏదో ఒకటి ఎదుటివాళ్లకు వివరించండి. దానికి తోడు మేం తక్కువగా చేసినవి రెండు కలపండి: రోజూ అరగంట తైవాన్ వాళ్ల మామూలు మాటలు వినడం, మొదటి రోజు నుంచే ఐదేసి అక్షరాలు చేత్తో రాయడం. తైవాన్‌కే వెళ్లేవాళ్లయితే బోపోమోఫో కూడా నేర్చుకుని వెళ్లండి, రెండు వారాల పనే.